ఎంఎల్‌టీ పిల్లల ఓజేటీ రికార్డులు తిరగేస్తూ

పోయినేడు చలికాలంలో ఒక సాయంత్రం ఒకేషనల్ ఇంటర్‌లో ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి మా ల్యాబ్‌కి వచ్చింది. ఓజేటీ, అంటే చదువుతూనే పనిచోట తీసుకునే శిక్షణ (ఆన్ ది జాబ్ ట్రైనింగ్), చేసింది మా దగ్గర కాదు, ఇంకో చోట. అక్కడ సంతకం పెట్టాల్సిన ఆయన ఊళ్ళో లేరట, తెల్లారితే కాలేజీలో రికార్డు ఇచ్చెయ్యాలట. "మేడమ్, మీరు సంతకం పెట్టి స్టాంపు ఏస్తరా?" అని అడిగింది. పెట్టనని చెప్పి, కూర్చోబెట్టి, రికార్డు తీసి చూశాను.

చేతిరాత ముత్యాల్లా ఉంది. ఈఎస్‌ఆర్ పరీక్ష, అంటే నిలువు గొట్టంలో రక్తం పోసి గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూడటం, వెస్టర్‌గ్రెన్ పద్ధతి. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అన్నీ వరసగా రాసింది. 200 మిల్లీమీటర్ల గొట్టం బొమ్మ స్కెచ్ పెన్నుతో గీసి, గీతలు కూడా లెక్కగా పెట్టింది. "ఈ గొట్టం స్టాండులో కొంచెం వంగి ఉంటే రీడింగ్ ఏమైతది?" అన్నాను. తల దించుకుంది. "సెంట్రిఫ్యూజ్ తిరిగే బల్ల మీదనే స్టాండు పెట్టొచ్చా?" దానికీ జవాబు లేదు. సెంట్రిఫ్యూజ్ అంటే రక్తం ట్యూబుల్ని గిర్రున తిప్పే మెషీను. గొట్టం వంగినా, కింద బల్ల అదిరినా ఎర్రకణాలు తొందరగా దిగిపోతాయి, లేని జబ్బు ఉన్నట్టు రీడింగ్ వస్తుంది. ఒక్క వారం చేత్తో పెట్టినవాళ్ళకు ఇది అడగక్కర్లేని సంగతి.

"నువ్వు ఎన్ని ఈఎస్‌ఆర్‌లు పెట్టినవ్ బిడ్డా?"

"ఒక్కటి గూడ పెట్టలే మేడమ్. నన్ను కౌంటర్ల కూసోబెట్టిన్రు. పేర్లు రాసిన, రిపోర్టులు కవర్లల్ల పెట్టిన. రికార్డు మా సీనియర్‌ది చూసి రాసిన."

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకు గుర్తొచ్చింది ఇరవై ఏళ్ళ కిందటి నా రికార్డు. అందులోనూ ఇదే బొమ్మ, ఇదే స్కెచ్ పెన్ను రంగు.

నేను 2003లో పదో తరగతి పాసయ్యాను. గోదావరి ఒడ్డున పల్లె మాది. అమ్మ బీడీలు చుట్టేది, నాన్న కూలికి పోయేవాడు. ఫలితాలు రాగానే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు బండ్ల మీద మా వాడకొచ్చారు, ఎంపీసీ, బైపీసీ అని కరపత్రాలు పంచారు, ఫీజు చెప్పగానే నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో దరఖాస్తు తీసుకునే గుమస్తా నా మార్కుల మెమో చూసి, "ఎంఎల్‌టీల సీట్లున్నయి, రాసుకుంటవా?" అన్నాడు. ఎంఎల్‌టీ అంటే ఏమిటని అడిగితే "రక్తం పరీక్షలు" అన్నాడు. నా జన్మకు దొరికిన కెరీర్ గైడెన్స్ అంతే. ఆయన మంచివాడే, వెనక వరసలో యాభై మంది నిలబడి ఉన్నారు.

2005లో పాసయ్యాను. టౌన్‌లో ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో నెలకు 1,500 జీతానికి చేరాను. రెండేళ్ళ తరవాత కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు పడ్డాయని స్నేహితురాలు పేపర్ కటింగ్ పట్టుకొచ్చింది. ఇద్దరం బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళాం. అక్కడ కౌంటర్‌లో నా కాగితాలు తిరగేసి, "అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఏదమ్మా?" అన్నారు. ఒకేషనల్ ఎంఎల్‌టీ పాసైనవాళ్ళు ప్రభుత్వ ఆస్పత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి ఉండాలన్న నిబంధన అక్కడ గోడకు అంటించి ఉంది. రెండేళ్ళు చదివాను, రెండేళ్ళు పని చేశాను, ఆ మాట మొదటిసారి చదివింది ఆ గోడ మీద. మా కాలేజీలో రెండేళ్ళలో ముగ్గురు గెస్టు లెక్చరర్లు మారారు. ఎవరు చెప్పాల్సింది అని అడిగితే ఈరోజుకీ నా దగ్గర పేరు లేదు. అది ఎవరి ఉద్యోగమూ కాదు కాబట్టే ఎవరూ చెప్పలేదు.

ప్రైవేటు ల్యాబ్ మానేసి ఆ ఏడాది అప్రెంటిస్‌షిప్ చేశాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఏడాదిలోనే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అక్కడ ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి, మాట కటువు. నేను చేరిన రెండో వారంలో ఒక పెద్దాయనకు రక్తం తీశాను. ఊదా మూత ట్యూబు నిండింది, ఎర్రమూత ట్యూబుకి రక్తం చాల్లేదు. మళ్ళీ సూది గుచ్చడం ఎందుకు, పాపం ముసలాయన, అని ఊదా ట్యూబులోంచి కొంచెం ఎర్రదాంట్లోకి ఒంపాను. దయతో చేసిన పనే. గంట తరవాత ఫలితం వచ్చింది. పొటాషియం మనిషి బతికి ఉండలేనంత ఎక్కువ, కాల్షియం బతికి ఉండలేనంత తక్కువ. సీనియర్ ఆ కాగితం చూసి, వార్డులోకి వెళ్ళి ఆ పెద్దాయన చాయ్ తాగుతుండటం కళ్ళారా చూసి వచ్చి, నన్ను పిలిచారు. "ఏ ట్యూబుల నుంచి ఏ ట్యూబుల పోసినవ్?" అన్నారు. నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ ఉప్పులో పొటాషియం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే రక్తం తీసేటప్పుడు ట్యూబులకు ఒక వరస ఉంటుంది. ముందు లేతనీలం, తరవాత ఎరుపు, తరవాత ఆకుపచ్చ, ఆ పైన ఊదా, చివరికి బూడిదరంగు. ఈ వరస మా పుస్తకంలోనూ ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. డాక్టర్ ఆ రిపోర్టు నమ్మి ఉంటే పెద్దాయనకు అక్కర్లేని మందు ఎక్కించేవారు. ఆ వరస నాకు నిజంగా వచ్చింది ఆ రోజే.

ఆయన నన్ను తిట్టారు. తిట్టి, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం చాయ్ దగ్గర ఒక ప్రశ్న అడిగేవారు. బూడిదరంగు ట్యూబులో ఫ్లోరైడ్ ఎందుకు? మామూలు ట్యూబులో పెట్టి రెండు గంటలు వదిలేస్తే షుగర్ ఎందుకు తగ్గుతుంది? రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే పట్టీ, టార్నికెట్, నిమిషం దాటి ఎందుకు ఉంచకూడదు? సిరంజిలోంచి రక్తాన్ని గట్టిగా ఒత్తి ట్యూబులోకి పంపితే సీరం ఎందుకు ఎర్రబడుతుంది? ఇలా ఏడెనిమిది నెలలు గడిచాక ఒకరోజు ఆయనే అన్నారు, "నీ స్లైడ్లు బాగుంటున్నయి. ఇక్కడనే ఆగకు. డీఎంఎల్‌టీ డిప్లొమా చెయ్, తర్వాత డిగ్రీ గూడ చెయ్యొచ్చు. బ్రిడ్జి కోర్సు రాసినవా?" నేను రాయలేదు. ఒకేషనల్ పిల్లలు డిగ్రీలో సైన్సు వైపు, కొన్ని ప్రవేశ పరీక్షల వైపు వెళ్ళాలంటే బ్రిడ్జి కోర్సు పేపర్లు రాయాలన్న సంగతి కూడా ఆయన నోటనే విన్నాను.

కెరీర్ గైడెన్స్ అనే దానిమీద నా అభిప్రాయం అక్కడే స్థిరపడింది. నా చెయ్యి పని చేస్తుండగా చూసిన మనిషే నాకు దారి చెప్పగలిగాడు. నా మార్కుల మెమో చూసినవాళ్ళు చెప్పలేకపోయారు, చెప్పగలిగి ఉండేవారు కూడా కాదు. మన కాలేజీల్లో ఈ రెండింటినీ విడదీసి పెట్టారు. గైడెన్స్ అంటే ఏడాదికోసారి సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి ఎవరో వచ్చి చెప్పే రెండు గంటల ఉపన్యాసం. ఓజేటీ అంటే ఎక్కడికో వెళ్ళి సంతకం తెచ్చుకునే తంతు. ఉపన్యాసం చెప్పినాయనకు పిల్ల పనితనం తెలియదు, సంతకం పెట్టినాయనకు పిల్ల రేపటి గురించి పట్టదు. ఇద్దరి మధ్యా నడిచే మనిషిని జీతమిచ్చి పెట్టనంత కాలం మన ఒకేషనల్ చదువు కాగితం మీదే ఉంటుందని నా వాదన.

ఈ రంగం తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఓజేటీ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. ఓజేటీ చదువుతుండగానే చేసేది, దానికి మార్కులుంటాయి, డబ్బు ఉండదు. అప్రెంటిస్‌షిప్ అంటే కోర్సు పాసయ్యాక ఏడాది పాటు చేసేది, దానికి చట్టం ఉంది, స్టైపెండ్ ఉంది. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టాన్ని 1986లో సవరించి ఇంటర్ ఒకేషనల్ పాసైన పిల్లల్ని అందులోకి తెచ్చారు. మన రెండు రాష్ట్రాల పిల్లలకు ఆ వ్యవహారం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. 2019లో మార్చిన నిబంధనల్లో వీళ్ళకు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అని రాశారు. బీడీలు చుట్టే ఇంట్లో 7,000 అంటే చిన్న సంగతి కాదు. ఆ అంకె తెలిసిన తండ్రి కూతురికి ఏడాది ఆగి పెళ్ళి చేస్తాడు. ఇది ఊహించి రాస్తున్నది కాదు, మా వాడలో జరిగినదే. ఆ అంకె కూడా ఎవరూ చెప్పకపోతే తెలియదు.

ప్రభుత్వాలు ఈ చదువు గురించి పట్టించుకోలేదని అనను. 1966లో కొఠారీ కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ పిల్లల్లో 1990 కల్లా 10 శాతం, 1995 కల్లా 25 శాతం ఒకేషనల్‌లో ఉండాలని రాసుకుంది. 1992లో ఆ గడువులనే 1995కీ 2000కీ జరిపారు. 2020 విధానం 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య రుచి చూపిస్తామంది. 2025 కూడా వచ్చి వెళ్ళింది. ఆ కాగితాలన్నీ చదివితే నాకు ఒకటే కనిపిస్తుంది. ప్రతిసారీ పైకెత్తి చూపిన అంకె, ఎంతమందిని చేర్పించాలన్నదే. చేరిన పిల్ల ఎన్ని ఈఎస్‌ఆర్‌లు పెట్టిందో, ఆమె పని చేసే చోటికి లెక్చరర్ ఎన్నిసార్లు వెళ్ళి చూశాడో అడిగే అంకె ఎవరి రిజిస్టర్‌లోనూ నా కంటపడలేదు.

గడియారం సంగతి చూడండి. ల్యాబ్‌లో రక్తం తీసే పని పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ముమ్మరంగా ఉంటుంది. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకు జనం పరగడుపున వస్తారు, తీయించుకుని టిఫిన్‌కి పరిగెత్తుతారు. కాలేజీ పిల్లలు కాలేజీ టైం ప్రకారం పదింటికి వస్తారు. అప్పటికి ట్యూబులు మెషీన్లలోకి వెళ్ళిపోయి ఉంటాయి. మిగిలేది రిపోర్టులు ప్రింట్ తీసి కవర్లలో పెట్టే పని. ఆ అమ్మాయిని కౌంటర్‌లో కూర్చోబెట్టింది పని నేర్పకూడదన్న కక్షతో అని నేననుకోను. ఆమె వచ్చే సరికి నేర్పే పని అయిపోయి ఉంటుంది. వ్యవసాయం కోర్సు పిల్లల్ని కోతలు ముగిసి పొలాలు ఎండిపోయాక పంపినా ఇదే జరుగుతుంది. పని ఎప్పుడు జరుగుతుందో తెలుసుకుని పిల్లల్ని ఆ వేళకు పంపడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఒక లెక్చరర్ ఒక్కసారి ఉదయం ఏడింటికి మా ల్యాబ్‌కి వచ్చి నిలబడితే చాలు, తెలిసిపోతుంది. కానీ ఆయన కాంట్రాక్టు మనిషి, లేదా గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్టు. ఆ గంట ఎవరి లెక్కలోకీ రాదు, బస్సు చార్జీ ఎవరూ ఇవ్వరు.

టీకా సంగతి ఇంకా బాధ. రక్తంతో పని చేసేవాళ్ళకు హెపటైటిస్ బి టీకా తప్పనిసరిగా ఉండాలి. మూడు డోసులు. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అంటే రెండో ఏడాదిలో ల్యాబ్‌కి వచ్చే పిల్లకు మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టి ఉండాలి. మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని వాళ్ళు చేరిన రోజునే అడుగుతాను. టీకా వేయించుకున్నామని చెప్పినవాళ్ళు చాలా తక్కువ. పదహారేళ్ళ పిల్ల చేతికి వాడిన సూది గుచ్చుకుంటే జవాబు చెప్పేదెవరు? అందుకే టీకా లేనివాళ్ళను నేను సూదుల దగ్గరికి రానివ్వను, ఆ మేరకు వాళ్ళు నేర్చుకునేదీ తగ్గిపోతుంది. అడ్మిషన్ రోజున ఒక కాగితం ఇచ్చి "ఈ నెలలో మొదటి డోసు" అని చెబితే తీరిపోయేదానికి ఏటా ఇంత నష్టం. గైడెన్స్ అంటే నా లెక్కలో ఈ కాగితం కూడా.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోను. నా స్నేహితుల్లో చదువుకున్నవాళ్ళే అంటారు, పదిహేనేళ్ళ పిల్లలకు పని నేర్పడమేంటి, అది పేదపిల్లల్ని పేదరికంలోనే కట్టిపడెయ్యడం కాదా అని. ఉన్నవాళ్ళ పిల్లలు ఐఐటీ కోచింగ్‌కి, లేనివాళ్ళ పిల్లలు సూది మందుకి అనేగా దీని అర్థం అని. ఈ మాటలో నిజం ఉంది. మా బ్యాచ్‌లో ఉన్నవాళ్ళందరూ కూలీల పిల్లలమే. "ఒకేషనలా? అయ్యో, మార్కులు రాలేదా?" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాకు వచ్చాయి మార్కులు.

కానీ పిల్లల్ని కట్టిపడేస్తున్నది పని నేర్పడం అని నేను ఒప్పుకోను. ముందున్న తలుపులు ఎక్కడున్నాయో చెప్పకపోవడం కట్టిపడేస్తోంది. బ్రిడ్జి కోర్సు ఉంది. ఇంజనీరింగ్ వైపు ఒకేషనల్ పిల్లలు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి ఉంది. అప్రెంటిస్‌షిప్ ఉంది. ఇవన్నీ తేదీలతో ముడిపడ్డ తలుపులు, ఒకరోజు తెరుచుకుని ఒకరోజు మూసుకుంటాయి. తేదీ తెలిసినవాడికే తలుపు. పైగా నిబంధనలు మారుతూ ఉంటాయి. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. మా ల్యాబ్ పనిలాంటి వృత్తులు దాని కిందికే వస్తాయి. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలని అందులో ఉంది. ఇంటర్ ఎంఎల్‌టీతో ఆగిపోయే పిల్లకు రేపు దీనివల్ల ఏమవుతుంది? ఇప్పుడే డిప్లొమా వైపు వెళ్ళమని చెప్పాలా? ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఎంఎల్‌టీ క్లాసులోనూ చర్చకు రావాలి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆ చట్టం పేరు విన్నవాళ్ళు ఇంతవరకు నాకు కనపడలేదు.

కోర్సు ఎంచుకోవడం గురించి స్విట్జర్లాండ్‌లో ఒక పద్ధతి ఉంది. అక్కడ బడి పిల్లలు ఏ వృత్తిలో చేరాలో తేల్చుకోకముందే కొన్ని రోజులు ఆ పనిచోట గడుపుతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ష్నుప్పర్‌లేరే, అంటే వాసన చూసే శిక్షణ. బేకరీలో నాలుగు రోజులు, ఆస్పత్రిలో నాలుగు రోజులు, నచ్చకపోతే ఇంకోటి. ఆ దేశంలో మూడింట రెండొంతుల మంది పిల్లలు వృత్తి విద్యలోకే వెళ్తారు, దాన్ని మన దగ్గరలా తక్కువగా చూడరు. పిల్లలకు పని నేర్పే ఉద్యోగి కూడా నేర్పడం ఎలాగో ఒక కోర్సు చదివి రావాలి. జర్మనీలో అప్రెంటిస్ తాను రోజూ చేసిన పని ఒక పుస్తకంలో రాస్తాడు, శిక్షకుడు చదివి సంతకం పెడతాడు, అది లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. మన ఓజేటీ రికార్డుకీ దానికీ తేడా ఒక్కటే. అందులో పాఠం రాయరు, ఆ రోజు ఏం జరిగిందో రాస్తారు. సీనియర్‌ది చూసి రాయడం కుదరదు, ఎందుకంటే సీనియర్ మంగళవారం నీ మంగళవారం కాదు. ఆ దేశాల డబ్బు మన దగ్గర లేదనే మాట నిజమే. కానీ ఒక నోటు పుస్తకానికీ నాలుగు రోజుల వేసవి సెలవులకూ ఎంత డబ్బు కావాలి?

వాసన చూడటం ఎంత అవసరమో ఒక పిల్లాడి వల్ల నాకు తెలిసింది. ఎంఎల్‌టీ రెండో ఏడాదిలో మా దగ్గరికి వచ్చాడు. రెండో రోజు పొద్దున రక్తం తీస్తుంటే చూస్తూ చూస్తూ కళ్ళు తిరిగి పడిపోయాడు. మర్నాడూ అంతే. సిగ్గుతో కుంగిపోయాడు. ఏడాదిన్నర చదివాక తెలిసింది తనకు రక్తం పడదని. పదో తరగతి పరీక్షలయ్యాక వేసవిలో మూడు రోజులు వచ్చి ఉంటే అప్పుడే తెలిసేది. ఆ వారంలోనే రక్తకణాలు లెక్కపెట్టే సెల్ కౌంటర్ మెషీను ఆగిపోయి సర్వీస్ ఇంజనీర్ వచ్చాడు. ఈ పిల్లాడు ఆయన పక్కనుంచి కదల్లేదు. గొట్టాలు విప్పుతుంటే టార్చి పట్టుకున్నాడు, అన్నం టైం దాటినా లేవలేదు. సాయంత్రం పిలిచి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ మళ్ళీ రాయొచ్చనీ, ఇలాంటి ఆస్పత్రి మెషీన్ల చదువు, బయోమెడికల్ డిప్లొమా అనేది ఒకటుందనీ చెప్పాను. ఇప్పుడు అదే చదువుతున్నాడు. నేను చేసిందల్లా అతను ఎక్కడ నిలబడ్డాడో గమనించడం. సెమినార్ హాల్లో అందరూ కుర్చీల్లోనే కూర్చుంటారు, ఎవరు ఎక్కడ నిలబడతారో ఎలా తెలుస్తుంది?

ల్యాబ్‌ల వైపు నుంచి కూడా చెప్పాలి, నేనూ ఇప్పుడు ఆ వైపే ఉన్నాను కాబట్టి. పొద్దున రష్షులో నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. శాంపిల్ పాడైతే పేషెంటు మా మీద అరుస్తాడు. పిల్లల్ని ఊరికే కౌంటర్ పనికి వాడుకుంటే ఒక జీతం మిగులుతుందని లెక్కలేసుకునే యజమానులూ ఉన్నారు, అది దోపిడీయే, వేరే పేరు అక్కర్లేదు. నేను మా వాళ్ళతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఓజేటీ పిల్లలు ఏడింటికి వచ్చి పన్నెండింటికి వెళ్తారు. మొదటి రెండు రోజులు లేబుళ్ళు. పేరు, వయసు, టైం, డాక్టర్ చీటీతో సరిపోల్చడం. ఇది చిన్న పని అనుకుంటారు, ల్యాబ్‌లో ఘోరమైన తప్పులు పుట్టేది ఇక్కడే. తరవాత సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులు ఎదురెదురుగా బరువు సరిచూసి పెట్టడం. ఆ తరవాత రోజుకు పది స్లైడ్లు, గాజుపలక మీద రక్తం పొర సాపుగా వచ్చేదాకా. ఈఎస్‌ఆర్‌లు వాళ్ళే పెట్టి, గంటకు వాళ్ళే చదివి, నేను చదివిన దాంతో పోల్చుకోవాలి. రక్తం తీయడం చివరి వారంలోనే, టీకా అయినవాళ్ళకే, పేషెంటు ఒప్పుకుంటేనే, నేను పక్కన నిలబడితేనే.

పన్నెండింటికి వెళ్ళే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి ఒకటి అడుగుతాను. "ఇయ్యాల దేనికి భయపడ్డవ్?" మొదట్లో ఏం లేదంటారు. మూడో రోజుకి చెప్పడం మొదలుపెడతారు. ఒక పిల్ల, చంటిబిడ్డ ఏడుస్తుంటే భయమేసిందంది. ఇంకో పిల్ల, రిపోర్టు తీసుకున్నామె తనకు చదువు రాదని దీంట్లో ఏముందో చెప్పమంటే ఏం చెప్పాలో తెలియక భయపడ్డానంది. అలాంటి జవాబులే నాకు ఎవరికి ఏది చెప్పాలో చూపిస్తాయి.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయాలు వేరు. ఎక్కడ కూర్చుంటుంది, ఎవరుంటారు, చీకటి పడకముందు వస్తుందా. ఆ భయాల్ని తప్పుపట్టను. ఒక తల్లి తానే వచ్చి ల్యాబ్ అంతా చూసి, బాత్రూం ఎక్కడో కూడా చూసి, అప్పుడు సరే అంది. సరిగ్గా చేసింది. కాలేజీ చేయాల్సిన పని ఆమె చేసింది. బస్సు ఖర్చు మాత్రం 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడపిల్లలకు తీరింది, అంతకుముందు ఓజేటీ సగంలో మానేసినవాళ్ళలో ఆ ఖర్చు భరించలేనివాళ్ళు కూడా ఉన్నారు. మగపిల్లలకు ఆ ఖర్చు ఇప్పటికీ ఉంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఒకేషనల్ కోర్సుకీ ఒక లెక్చరర్‌కి వారంలో ఒక రోజు పాఠం తీసేసి, ఆ రోజు పిల్లలు పని చేసే చోట్లు తిరగడమే డ్యూటీగా రాయండి. బస్సు చార్జీ ఇవ్వండి. అడ్మిషన్ రోజున కోర్సు తరవాత తెరుచుకునే తలుపులు, వాటి తేదీలు తెలుగులో ఒకే కాగితం మీద ఇవ్వండి, ఇంట్లో అమ్మకు చదివి వినిపించేలా. ఓజేటీ రికార్డులో పాఠం రాయించడం ఆపి, ఆ రోజు చేసింది రాయించండి. పదో తరగతి వేసవిలో మూడు రోజులు పనిచోటు చూపించండి.

మొదట్లో చెప్పిన అమ్మాయి సంగతి. ఆ సాయంత్రం సంతకం పెట్టనందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళింది. వెళ్ళేముందు టీకా సంగతి అడిగితే లేదంది, మర్నాడే మొదటి డోసు వేయించుకోమని చీటీ రాసిచ్చాను. పబ్లిక్ పరీక్షలయ్యాక మార్చి చివర్లో ఒకరోజు పొద్దున ఆరున్నరకి మా ల్యాబ్ షటర్ ముందు నిలబడి ఉంది. "ఈఎస్‌ఆర్ పెట్టుడు నేర్పుతరా?" అంది. మూడు వారాలు రోజూ వచ్చింది. ఈసారి బొమ్మలు లేని నోటు పుస్తకం.

మొన్న ఫోన్ చేసింది. ప్రభుత్వ ఆస్పత్రిలో అప్రెంటిస్‌షిప్ మొదటి రోజట. "హెపటైటిస్ టీకా సర్టిఫికెట్ అడిగిన్రు మేడమ్. పన్నెండు మందిమి చేరినం. నా ఒక్కదాని దగ్గరనే ఉన్నది." మిగతా పదకొండు మందికీ మొదటి డోసు ఎక్కడ వేయించుకోవాలో చెప్పమన్నాను. పేర్లు రాసుకుని, సోమవారం తనే వెంటబెట్టుకుని తీసుకుపోతానంది.